చెక్కడం తేలిక, చెక్క కొనడమే కష్టం

ఊళ్ళో చిన్న వడ్రంగి షాపు పెట్టడానికి చేతిలో పనితనం ఒక్కటే చాలదు. కలప లెక్క, మోటారు లెక్క, కాగితాల లెక్క తెలియకపోతే పెట్టిన డబ్బంతా రంపపు పొట్టే.

ఒకప్పుడు వడ్రంగి ఇంటికొచ్చి పనిచేసేవాడు. పెరట్లో వేపచెట్టు కొట్టించడం, మిల్లులో కోయించడం, పలకలను నెలల తరబడి నీడన ఆరబెట్టడం యజమాని బాధ్యత. వడ్రంగి ఉలి, బాడిస, రంపం సంచిలో వేసుకుని వచ్చి, కూలి తీసుకుని వెళ్ళేవాడు. తలుపు బిగిసినా, మంచం కోడు పగిలినా తప్పు కలపదే, కలప యజమానిదే.

ఇప్పుడు ఆ వడ్రంగి కొడుకు బస్టాండు వెనకో, బైపాస్ పక్కనో రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని షాపు పెడుతున్నాడు. ఖాతాదారు కొలతలిచ్చి, అడ్వాన్సు చేతిలో పెట్టి, తయారైన తలుపు కోసం వస్తాడు. కలప పచ్చిదైనా, కొలత తగ్గినా, మోటారు కాలినా నష్టం షాపుదే. తండ్రి నుంచి పనితనం వచ్చింది కానీ, ఆ పనివాణ్ణి రాత్రికి రాత్రి వ్యాపారిగా మార్చే విద్య ఎవరూ నేర్పలేదు. ఏ కలప, ఎక్కడ, ఎంతకు కొనాలి? ముందు ఏ మిషన్ తేవాలి? ఏ కాగితం లేకపోతే ఎవరొచ్చి ఆపుతారు? చిన్న షాపు నిలిచేదీ మూతపడేదీ ఈ మూడు ప్రశ్నల దగ్గరే.

దుంగ దారి మారింది

కలప ఎందుకింత ప్రియమైందో తెలియాలంటే సుప్రీంకోర్టు దాకా వెళ్ళాలి. నీలగిరి జిల్లా గూడలూరు అడవుల్లో చెట్ల నరికివేతపై టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ 1995లో వేసిన కేసు దేశం మొత్తం కలప వ్యాపారాన్ని మార్చేసింది. 1996 డిసెంబర్ 12న ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అడవిలో అనుమతి లేని కోత ఆగిపోయింది. కేంద్ర సాధికార కమిటీ అనుమతి లేకుండా కొత్త కోతమిల్లులు పెట్టనివ్వరాదని 2002 అక్టోబర్‌లో కోర్టు ఆదేశించింది. 2015లో ఆ అధికారం రాష్ట్రస్థాయి కమిటీలకు వచ్చింది. 2016లో కేంద్రం మార్గదర్శకాలు విడుదల చేసింది.

అడవికి ఇది మేలే చేసింది. అయితే కొత్త లైసెన్సులు అరుదైపోవడంతో ఉన్న మిల్లులకు గిరాకీ పెరిగింది. కోత కూలి ఎంత, వరుస ఎప్పుడు వస్తుంది అన్నది వాళ్ళ మాటే. నాలుగు దుంగలు తెచ్చిన చిన్న వడ్రంగి పెద్ద కాంట్రాక్టరు లారీ ఖాళీ అయ్యేదాకా నిలబడాల్సిందే.

విదేశీ టేకుదీ ఇలాంటి కథే. అడితిలో ఇప్పటికీ వినిపించే గొప్ప పేరు బర్మా టేకు. కానీ మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతిని నిషేధించింది. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక అమెరికా, ఐరోపా సమాఖ్య అక్కడి ప్రభుత్వ టింబర్ సంస్థపై ఆంక్షలు విధించాయి. దాంతో వ్యాపారులు ఘనా, బెనిన్, టాంజానియా, కోస్టారికా, ఈక్వెడార్ తోటల వైపు మళ్ళారు. ఓడలో వచ్చిన దుంగల్లో చాలా భాగం గుజరాత్‌లోని కాండ్లా రేవులో దిగి, పక్కనే ఉన్న గాంధీధామ్ మిల్లుల్లో పలకలవుతుంది. త్వరగా పెరిగిన తోట టేకులో చేవ తక్కువ, అంచుల తెల్లచెక్క ఎక్కువ. చెదకు, పురుగుకు ముందు చిక్కేది ఆ తెల్లచెక్కే. కాబట్టి అడితిలో అడగాల్సింది దేశం పేరు కాదు. పలక రెండు కొసలూ చూసి తెల్లచెక్క ఎంత ఉందో లెక్కేసుకోవాలి.

దేశీ టేకులో తెలుగు వడ్రంగులకు బాగా తెలిసిన పేరు బల్లార్షా. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఉన్న ఈ డిపో నుంచే 2023లో అయోధ్య రామమందిరం తలుపులకు టేకు వెళ్ళింది. వాటిని చెక్కే పని హైదరాబాద్‌కు చెందిన టింబర్ సంస్థకు దక్కింది. అటవీ అభివృద్ధి సంస్థల డిపోల్లో కలపను లాట్లుగా వేలం వేస్తారు. పుట్టుక కాగితం పక్కాగా ఉంటుంది, రకం కళ్ళముందే కనిపిస్తుంది. చిక్కల్లా ఒక లాటుకు సరిపడా డబ్బు ఒక్క వడ్రంగి దగ్గర లేకపోవడం. ఒకే ఊళ్ళో ఐదారు షాపులవాళ్ళు కలిసి లాటు పాడుకుని, ఒకే లారీలో తెచ్చుకుని, ఒకే మిల్లులో కోయించుకుంటే మధ్యవర్తి లాభం మిగులుతుంది. ఇందుకు సొసైటీ రిజిస్ట్రేషన్ కన్నా ముందు కావాల్సింది ఒకరి మీద ఒకరికి నమ్మకం.

అసలు నిల్వ మాత్రం అడవిలోనూ లేదు, ఓడలోనూ లేదు. రైతు గట్టు మీద ఉంది. అడవుల వెలుపలి చెట్ల నుంచి ఏటా 9.15 కోట్ల ఘనపు మీటర్ల పారిశ్రామిక కలప రాగలదని భారత అటవీ సర్వే 2023 నివేదిక అంచనా. హర్యానాలోని యమునానగర్ ప్లైవుడ్ పరిశ్రమ రైతుల పోప్లార్, యూకలిప్టస్ మీద, కేరళలోని పెరుంబావూర్ పరిశ్రమ రబ్బరు తోటల మీద బతుకుతున్నాయి. కోస్తాలో సుబాబుల్, సరుగుడు కాగితపు మిల్లులకు పోతున్నాయి. వడ్రంగికి పనికొచ్చే వేప, నల్లతుమ్మ, మామిడి, నిద్రగన్నేరు మాత్రం చాలా చోట్ల వంటచెరకు ధరకే పోతున్నాయి.

కొలతలో పోయేది, తడిలో పోయేది

దుంగను కొలిచే పాత పద్ధతిలో చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చించి, పొడవుతో గుణిస్తారు. చుట్టుకొలత 48 అంగుళాలు, పొడవు 10 అడుగులు ఉన్న దుంగ ఈ లెక్కన 10 ఘనపుటడుగులు. అసలు ఘనపరిమాణం 12.7. తేడా కోతలో పోయే బెరడు, పక్కచెక్కల కోసం కొనుగోలుదారుకు వదిలే వెసులుబాటు. అమ్మేవాడు అసలు ఘనపరిమాణం మీద ధర చెబుతున్నాడా, పాత లెక్క మీద చెబుతున్నాడా అన్నది ముందే అడగాలి. రెండు డిపోల ధరలు ఒకటిగా కనిపించినా ఈ ఒక్క ప్రశ్నతో తేడా బయటపడుతుంది.

కోసిన సైజుల్లో మోసం ఇంకా సన్నగా ఉంటుంది. ద్వారబంధానికి 5 అంగుళాలు, 3 అంగుళాలు అని బిల్లు వేస్తారు. టేపు పెడితే నాలుగుముప్పావు, రెండుముప్పావు. పావు అంగుళమే కదా అనిపిస్తుంది. కానీ కలప 13 శాతం తగ్గింది. ఏడడుగుల నిలువులు రెండు, నాలుగడుగుల అడ్డకర్రలు రెండు ఉన్న ఒక్క ద్వారబంధానికి, ఘనపుటడుగు 4,000 రూపాయలనుకుంటే, దాదాపు 1,200 రూపాయలు గాలికి పోయినట్టే. చిత్రిక పట్టాక ఇంకో పావు అంగుళం పోతుంది. ఆ రెండో పావు వడ్రంగి లెక్కలో వేసుకోవాల్సిందే, మొదటి పావు మాత్రం అడితి లెక్కలోంచి తీయించాలి.

కొలత కన్నా పెద్ద దొంగ తడి. కలపలో తేమ సుమారు 30 శాతం కన్నా కిందికి దిగడం మొదలయ్యాకే అది కుంచించుకుంటుంది. అదీ పొడవులో దాదాపు ఏమీ ఉండదు, వెడల్పులోనే. వానాకాలంలో కాకినాడలో పచ్చి పలకలతో చేసిన తలుపు వేసవిలో హైదరాబాద్ చేరితే సందులు పడేది, కూసం బెజ్జంలో వదులయ్యేది ఇందుకే. ఏ వాతావరణంలో ఏ పనికి ఎంత తేమ ఉండవచ్చో చెప్పడానికి ఐ.ఎస్. 287 అనే ప్రమాణం దేశాన్ని నాలుగు మండలాలుగా విభజించింది. ఇంటి లోపలి సామానుకు 12 శాతం దగ్గర్లో ఉంటే వడ్రంగి నిశ్చింతగా ఉండొచ్చు.

తేమ చూసే చిన్న మీటరు ఇప్పుడు ఖరీదైన వస్తువేమీ కాదు. అదీ లేకపోతే తూనిక చాలు. పలక కొసన కాకుండా మధ్యలోంచి చిన్న ముక్క కోసి తూచాలి. నీళ్ళు మరిగే వేడి కన్నా కాస్త పైన, 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గదనిపించేదాకా ఆరబెట్టి మళ్ళీ తూచాలి. 130 గ్రాముల ముక్క 100కు దిగితే తేమ 30 శాతం. అంటే ఆ లారీ కలప ఇంకా తలుపుకు సిద్ధం కాలేదు. అంగుళం మందానికి ఏడాది ఆరబెట్టాలని పెద్దలు చెప్పే లెక్క మన ఎండల్లో కొంత తగ్గినా, దాని వెనక ఉన్న మాట నిజమే. పలకల మధ్య సమానమైన సన్న పట్టీలు పెట్టి, నేలకు అడుగు ఎత్తున, నీడలో, గాలి ఆడేలా పేర్చాలి. కొసలకు రంగో మైనమో పూస్తే పగుళ్ళు తగ్గుతాయి. షాపు అద్దెలో సగం ఈ ఆరబెట్టే చోటుకే పోతుందని గొణగడం కన్నా, తిరిగొచ్చిన తలుపుల ఖర్చు ఎంతో లెక్కేసుకోవడం మంచిది.

టేకు కాకుంటే ఏంటి?

ఖాతాదారు నోట వచ్చే మొదటి మాట టేకు. అది అక్కర్లేని చోట్లు చాలానే ఉన్నాయి. బయటి గుమ్మానికి, ఎండా వానా తగిలే కిటికీకి టేకు సరే. లోపలి అల్మరాకు ఆరబెట్టిన వేప చాలు. బరువు మోసే బల్ల కాళ్ళకు, దెబ్బలకు ఓర్చుకునే పనికి నల్లతుమ్మను మించింది లేదని బండిచక్రాలు చేసిన తాతలకు తెలుసు. బోరాన్ మందు ఎక్కించి, బట్టీలో ఆరబెట్టిన రబ్బరు కర్ర కుర్చీలకు పనికొస్తుంది. మందు ఎక్కించనిదైతే పురుగుకు విందు. జోధ్‌పూర్ ఎగుమతిదారులు మామిడి కర్రతోనే ప్రపంచానికి ఫర్నిచర్ అమ్ముతున్నారు.

శీశం సంగతి వేరు. 2017 జనవరి నుంచి ఆ జాతి మొత్తం సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో చేరడంతో సహారన్‌పూర్, జోధ్‌పూర్ హస్తకళల ఎగుమతిదారులకు అనుమతి పత్రాల బెడద మొదలైంది. విడి వస్తువు ఒక్కోటి 10 కిలోల లోపుంటే శీశం సరుకుకు ఆ పత్రం అక్కర్లేదని 2022 నవంబర్‌లో పనామా సమావేశంలో స్పష్టత వచ్చాక కొంత ఊపిరి పీల్చుకున్నారు. ఎర్రచందనానికి మాత్రం ఇలాంటి ఊరట లేదు. చవగ్గా దొరికిందని శేషాచలం ముక్క ఒకటి షాపులో పెట్టుకుంటే షాపే కాదు, స్వేచ్ఛ కూడా పోతుంది.

ప్లైవుడ్‌లో మోసపోకుండా ఉండటానికి రెండు అంకెలు గుర్తుంటే చాలు. సాధారణ రకానికి ఐ.ఎస్. 303, మెరైన్ రకానికి ఐ.ఎస్. 710. మొదటిదానిలోనే తేమకు ఓర్చేది ఎం.ఆర్., మరిగే నీటికి ఓర్చేది బీడబ్ల్యూఆర్ అని రెండు తరగతులున్నాయి. వంటింటికి ఎం.ఆర్. వేసి బీడబ్ల్యూఆర్ ధర తీసుకోవడం అందరికీ తెలిసిన రహస్యం. అనుమానమొస్తే ముక్క కోసి కొన్ని గంటలు నీళ్ళలో మరిగిస్తే చాలు. పొరలు విడిపోయాయంటే ముద్ర అబద్ధమాడినట్టు.

ముందు ఏ మిషన్?

కొత్త షాపు చేసే మొదటి పొరపాటు అప్పు తెచ్చి పెద్ద మిషన్ కొనడం. రెండో పొరపాటు అంతకన్నా ప్రమాదం. రాయి కోసే మార్బుల్ కట్టర్‌కు కర్ర బ్లేడు బిగించడం. దేశంలో ఏ ఊరి ఇంటీరియర్ పని దగ్గర చూసినా ఇదే దృశ్యం. నిమిషానికి 12,000 చుట్లకు పైగా తిరిగే ఆ మిషన్ పళ్ళులేని వజ్రపు చక్రం కోసం చేసింది. పళ్ళున్న బ్లేడు కర్రలో ఇరుక్కుంటే మిషన్ వెనక్కి ఎగురుతుంది, వేళ్ళు ముందుకు పోతాయి. చూపు అందడంలేదని మూత తీసేస్తే ఆపేదేమీ ఉండదు. మూత ఉన్న అసలు కర్రకోత రంపం సుమారు సగం వేగంతో తిరుగుతుంది, ధర కొంత ఎక్కువ. షాపులో తగ్గించుకోకూడని ఖర్చు ఇదే.

ఆ తర్వాత చేతి డ్రిల్లు, చిన్న చిత్రిక మిషన్, రౌటర్. చేతినిండా పని ఉందనుకున్నాకే లూధియానా, రాజ్‌కోట్ నుంచి వచ్చే ఇనుప స్టాండు మిషన్. ఒకే మోటారు మీద చిత్రిక, కోత, బెజ్జం మూడూ చేస్తుంది. పాతది కొనేటప్పుడు రంగు చూడకూడదు. బల్ల మీద నిక్కమైన స్కేలు నిలబెట్టి కింద వెలుతురు కనిపిస్తుందేమో చూడాలి. షాఫ్టును చేత్తో ఊపి బేరింగు ఆట చూడాలి. బ్లేడ్లు బిగించే దిమ్మ చదరంగా ఉంటే వదిలేయాలి, గుండ్రటిదే తీసుకోవాలి. చదరపు దిమ్మ అంచుకూ బల్లకూ మధ్య ఖాళీలోకి వేలు తేలిగ్గా పోతుంది.

మోటారు దగ్గర కరెంటు లెక్క వస్తుంది. 3 హెచ్‌పీ అంటే 2.2 కిలోవాట్లు. సింగిల్ ఫేజ్‌లో అది నడిచేటప్పుడే 15 ఆంపియర్ల దాకా లాగుతుంది, స్టార్టయ్యే క్షణంలో దానికి అయిదారు రెట్లు. సాయంత్రం వోల్టేజీ పడిపోయే వీధిలో ఆ మోటారు వైండింగ్ ఎన్నాళ్ళుంటుందో చెప్పనక్కర్లేదు. త్రీ ఫేజ్‌లో అదే పనికి ఒక్కో వైరు మీద 5 ఆంపియర్ల దాకానే. కాబట్టి షెడ్డు అద్దెకు ముందు త్రీ ఫేజ్ లైను ఉందా అని అడగాలి. ఇంటి మీటరు మీద షాపు నడపడం ఇంకో ఉచ్చు. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద అలాంటి వాడకానికి వర్తించే టారిఫ్‌కు రెట్టింపు కట్టాలి.

సీఎన్సీ రౌటర్ చిన్న పట్టణాలకూ వచ్చేసింది. చేత్తో వారం పట్టే తలుపు చెక్కుడు ఒక్క పూటలో అయిపోతుంది. దాన్ని కొనడం కన్నా గంటల లెక్కన పని చేయించుకోవడం చిన్న షాపుకు నయం. డిజైన్ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి, పలక అక్కడ దింపి, అంచులు, కోణాలు షాపులో ఉలితో సరిచేసుకుంటే చేతిపని విలువా నిలుస్తుంది.

ఇక పొట్టు. కర్ర దుమ్ము క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే మొదటి వర్గంలో చేర్చింది. చేతిరుమాలు దాన్ని ఆపదు. దుమ్ము పీల్చే మిషన్ కొనలేకపోయినా సరైన మాస్కు, తలుపు వైపు వీచే ఎగ్జాస్ట్ ఫ్యాను తప్పనిసరి. ఇద్దరు ముగ్గురితో నడిచే షాపు ఫ్యాక్టరీ నిబంధనల కిందికి రాదు. మోటారుతో నడిచే చోట 1948 చట్టంలో 10 మంది ఉంటేనే ఫ్యాక్టరీ, 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కోడ్‌లో ఆ సంఖ్య 20. అంటే ఇన్‌స్పెక్టర్ రాడు, రక్షణా రాదు. ఏడాదికి 20 రూపాయల సురక్షా బీమా యోజనలో చెయ్యి పోతే లక్ష రూపాయలొస్తాయి. వేలు పోతే పైసా రాదు. వడ్రంగికి పోయేవి సాధారణంగా వేళ్ళే.

బిల్లే జన్మపత్రం

చిన్న షాపును ఎక్కువగా భయపెట్టేది అటవీశాఖ జీపు. నిజానికి 2016 మార్గదర్శకాల్లో వెసులుబాటు ఉంది. గుండ్రటి దుంగలు కోయకుండా, చట్టబద్ధంగా కొన్న కోసిన కలప, ప్లైవుడ్‌తో, చిన్న రంపాలతో పనిచేసే యూనిట్లకు ఆ లైసెన్సు అవసరం లేదు. ఇక్కడ కీలకం ‘చట్టబద్ధంగా కొన్న’ అనే మాట. దాన్ని రుజువు చేసేది బిల్లు ఒక్కటే.

బిల్లు దగ్గరే బేరం మొదలవుతుంది. కలప మీద జీఎస్టీ 18 శాతం. రిజిస్ట్రేషన్ లేని వడ్రంగికి ఆ పన్ను తిరిగి రాదు, కాబట్టి ‘బిల్లు లేకుండా తీసుకో, తగ్గిస్తా’ అన్న మాట తీపిగా ఉంటుంది. ఆ తగ్గింపుతో పాటు కలప జన్మపత్రమూ పోతుంది. రేపు తనిఖీకి వస్తే అది రైతు చెట్టో, అడవి చెట్టో చెప్పే ఆధారం ఉండదు. రైతు దగ్గర నేరుగా కొన్నా అంతే. ఆ జాతికి మీ రాష్ట్రంలో కోత అనుమతి, రవాణా పర్మిట్ కావాలో లేదో ముందే చూసుకోవాలి. రాష్ట్రాల సరిహద్దు దాటే కలపకు ఒకే పర్మిట్ ఇచ్చే జాతీయ ట్రాన్సిట్ పాస్ విధానం 2023 డిసెంబర్ 29న దేశవ్యాప్తంగా మొదలైంది. చెక్‌పోస్టు దగ్గర రాత్రంతా కాపలా కాసిన డ్రైవర్లకు దాని విలువ తెలుసు.

అప్పుల్లో తొందర పడితే దారి మూసుకుపోతుంది. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల వోచర్, 5 శాతం వడ్డీకి తొలి విడత లక్ష, దాన్ని తీర్చాక రెండు లక్షల రుణం. వోచర్ చేతి మిషన్లకు సరిపోతుంది, స్టాండు మిషన్‌కు చాలదు. అంతకన్నా పెద్ద యూనిట్ ఆలోచన ఉంటే పీఎంఈజీపీ ఉంది, తయారీ యూనిట్లకు 50 లక్షల ప్రాజెక్టు దాకా, 15 నుంచి 35 శాతం సబ్సిడీతో. కానీ అయిదేళ్ళలోపు పీఎంఈజీపీ వాడుకున్నవారికి విశ్వకర్మ వర్తించదు. ఏది ముందన్నది దరఖాస్తు రాసేవాడు కాదు, షాపు పెట్టేవాడు నిర్ణయించుకోవాలి. పనిలో కొత్త మెలకువలకు బెంగళూరులోని కలప శాస్త్ర, సాంకేతిక సంస్థ ఆధునిక వడ్రంగంలో శిక్షణ ఇస్తోంది.

విధానాలు రాసేవారి కంటికి అడవి కనిపిస్తుంది, ఎగుమతి కనిపిస్తుంది, పెద్ద ప్లైవుడ్ కంపెనీ కనిపిస్తుంది. ఈ మూడింటి మధ్య రేకుల షెడ్డు కనిపించడం తక్కువ. చిన్న లాట్లలో వేలం, మండలానికొక ఆరబెట్టే బట్టీ, చిన్నవాళ్ళ దుంగలకు వారంలో ఒక రోజు కేటాయించే మిల్లు, ఇవేవీ పెద్ద ఖర్చులు కావు. అవి వచ్చేదాకా వడ్రంగి చేతిలో ఉన్నవి టేపు, తక్కెడ, బిల్లు. మిషన్ కొనేముందు ఈ మూడూ అలవాటైతే, షాపు ముందు బోర్డు రెండో వానాకాలం కూడా చూస్తుంది.